గుట్ట మీది మబ్బు

వసంతం వచ్చేసరికి ఎండుగడ్డి మైదానంలో మగ బట్టమేకపిట్ట గొంతు ఉబ్బించుకుని ఆట మొదలుపెట్టింది. తెల్లవారుజాము మంచులో, నేలకి దిగిన మబ్బులా ఊగుతోంది. కుందేళ్లూ పిచ్చుకలూ, చివరికి నక్క కూడా చేరి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి.

"ఏమే, నువ్వు చూడకపోతే ఈ ఆటెవరికే? లేచి రా!" అని మగపిట్ట గడ్డిలోకి కేకేసింది.

అక్కడ గుడ్డు మీద కూర్చున్న ఆడపిట్ట లేవబోయింది. మొన్న ఆ ఆట చూసే కదా మనసు పారేసుకుంది! అంతలో నక్క చెవులు ఇటు తిరిగాయి. తను లేస్తే గుడ్డెక్కడుందో దానికి తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టి, మట్టిగడ్డలా ఉండిపోయింది.

"బొత్తిగా సరసం తెలీని పిట్ట!" అని మగపిట్ట అలిగి, ఆటను దూరంగా గుట్ట మీదికి మార్చింది. చూసేవాళ్లంతా వెంట నడిచారు. నక్క ఓసారి వెనక్కి చూసి, అదీ కదిలింది. ఆడపిట్ట మళ్లీ గుడ్డుకి వాన కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది.

ఎండలు ముదిరేనాటికి గుడ్డు పగిలింది. పిల్ల తల బయటపెట్టి గుట్టవైపు చూసింది.

"అమ్మా, మబ్బు!"

"మబ్బు కాదు, మీ నాన్న."

"మరి కురుస్తాడా?"

"కురవడమ్మా. చూడ్డానికి బాగుంటాడు," అని తల్లి రెక్క చాపి నీడ పట్టింది.