సమతా తీగ

ప్రతి ఇంటి గోడలోకీ కెపాసిటర్ పెట్టె వచ్చాక, కరెంటును కందిపప్పులా దాచుకోవడం మామూలైపోయింది. పొద్దుటి ఎండనంతా తన చిన్న పెట్టెలోకి పట్టుకున్న వరహాలమ్మ మినప్పప్పు రుబ్బుతుంటే, సగంలో గ్రైండర్ మూలిగి ఆగిపోయింది.

బయటికొచ్చి చూస్తే అపార్ట్‌మెంట్ సెక్రటరీ భానోజీరావు కనిపించాడు. ఏసీలు పీల్చేసి ఖాళీ చేసిన తన బీరువాంత పెట్టెకు ఆవిడ పెట్టెను కొత్త తీగతో కలిపేసి మురిసిపోతున్నాడు.

“సమతా పథకమండి. చూడండి, రెండు మీటర్లలోనూ ఒకటే మట్టం.”

“మాది చెంబు, మీది గాబు. రెండింట్లోనూ జానెడు నీళ్లుంటే సమానమైపోయినట్టా బాబూ?”

వరహాలమ్మ తీగ ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేసింది.

“ఇదెందుకు కాలిపోతోంది?”

“కలిపినప్పుడు కొంత తరుగు పోతుందండి. అది ఎవరికీ దక్కదు.”

“నగ చెయ్యకుండానే తరుగు తీశారన్నమాట.”

ఆవిడ వంటింట్లోకి వెళ్లి, తడి మసిగుడ్డ పట్టుకొచ్చి తీగ మీద శుభ్రంగా పరిచింది.

“అదేంటండి, సమతా తీగ మీద?”

“మీ పథకంలో నాకొచ్చిన వాటా ఈ వేడొక్కటే. చల్లారేలోగా ఆరనివ్వండి.”