గోడకు గంజి

ఆ వీధిలో ఇళ్ల గోడలన్నీ ప్రాణమున్నవే. ఊక, నాచు కలిపి వాటిని మొలిపించింది హైమవతే. రోజూ అన్నం వార్చిన గంజి పోస్తే చాలు, అవి పచ్చగా ఉండి ఇంటిని చల్లగా చూసుకునేవి. ఇక ఏసీలతో పనేముందని ఆమె అంటే, వీధంతా ఆమె మాట మీద వాటిని పీకి పారేసింది.

తీరా రోహిణి కార్తె ఎండలకు హైమవతే ఓర్చుకోలేకపోయింది. పడకగదిలో గుట్టుగా ఒక ఏసీ బిగించి, దాని వేడిగాలిని పక్క సందులోకి వదిలి, ఎవరికీ కనపడకుండా పైన మల్లెతీగ పాకించింది.

ఆ పొద్దున పక్కింటి మస్తానమ్మ గంజి చెంబుతో గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, సందులో మా గోడ ఎండిపోతంది. ఈ ఏడు వడగాలంతా ఆ సందులోకే కొడతందమ్మా. నేను తాగే గంజి కూడా దానికే పోస్తన్నా. నా చెయ్యే మంచిది కాదేమో! మీ హస్తవాసితో ఒక్కసారి పోయండి."

హైమవతి చెంబు అందుకుని ఆమె వెంట వెళ్లింది. గోడ గోధుమరంగుకు తిరిగి, పెచ్చులు లేచి ఉంది. మల్లెతీగ వెనక నుంచి వేడి సెగ తన మెడకే తగులుతోంది. తల వంచుకుని గంజి పోసింది. ధార నేలకు దిగకుండానే, గోడ మీదే ఆరిపోయి తెల్లటి చారైంది.

"చూశారా! మీ చెయ్యి పడగానే ఎట్టా తాగేసిందో!" అంటూ మస్తానమ్మ ఆ చేతులను కళ్లకద్దుకుంది.