పాతికేళ్ళ చెయ్యి

"బస్, ఖతం. ఇక గాడీ చాబీ నా జేబులోనే ఉంటుంది," అన్నాడు జోసెఫ్. రాయపూర్ తెలీబంధాలో మెకానిక్ జోగయ్య షెడ్డు ముందు నిలబడి, పక్కన టీకొట్టులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు.

అతని భార్య సుగుణకు ఒళ్ళు మండింది. కిందటి వారం డ్యూటీకి బయలుదేరుతుంటే కారు గేరు కేబుల్ పుటుక్కున తెగింది. ఆమె చేతిలో తెగింది గనుక తెంపింది ఆమేనని మొగుడిగారి తీర్పు. శంకర్ నగర్ నుంచి ఆసుపత్రికి తన కారు తనే నడుపుకుంటూ వెళ్ళే నర్సు ఈ రాయపూర్‌లో ఇంకెవరున్నారు? తాళం పోతే ఆ దర్జా అంతా గంగలో కలిసినట్టే. మళ్ళీ రోజూ రిక్షావాడితో బేరాలే.

"అది క్లచ్ లేని బండండీ. బొత్తాం నొక్కి, లివరు మెల్లగా జరపాలి."

"నాకు చెబుతావా? పాతికేళ్ళు రైల్వే జీపు తోలిన చెయ్యి ఇది."

"కేబుల్ తెగడానికి ముందు ఆదివారం కారు తోలింది కూడా ఆ చెయ్యే కదా?"

జోసెఫ్ టీకొట్టు వైపు తిరిగి ఓ చాయ్ చెప్పాడు.

బొంబాయి నుంచి వచ్చిన కొత్త కేబుల్ పై కొసను జోగయ్య లివరుకి తగిలించి, కారు కిందికి దూరాడు. "అమ్మగారూ, లివరు పార్కింగ్‌లో ఎట్టండి. కింద గేరుపెట్టి కూడా అక్కడే ఉండాల. తేడా వస్తే ముందుకెళ్ళమంటే ఎనక్కెళ్తాది."

సుగుణ సీట్లో కూర్చుని ఒక్కో గేరూ మారుస్తుంటే, కింద నుంచి "సరే, సరే" అని జవాబు వచ్చింది. బిగింపు అయ్యాక, నడిపి చూడాలని జోగయ్య జోసెఫ్‌ని అడిగి తాళం ఇప్పిస్తే, చెరువు గట్టు దాకా ఓ చుట్టు చుట్టి, సరిగ్గా మొగుడి ముందు తెచ్చి ఆపింది.

"వాహ్ సిస్టర్‌జీ," అన్నాడు టీకొట్టువాడు.

సుగుణకు గర్వంగా ఉంది. ఎందుకుండకూడదు?

"దిగు. నడపడమంటే ఏమిటో నేను చూపిస్తా," అంటూ జోసెఫ్ ఎక్కాడు. లేని క్లచ్ కోసం ఎడమ కాలు వెతికి వెతికి బ్రేకు తొక్కింది. ఎడమ చెయ్యేమో జీపు అలవాటు కొద్దీ లివరుని అటూ ఇటూ ఊపి చూసి, బొత్తాం ఊసే లేకుండా ఒక్క గుంజు గుంజింది.

టప్‌మంది. లివరు వడలిన తోటకూర కాడలా వాలిపోయింది.

టీకొట్టు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. సుగుణ అరచెయ్యి చాపింది, అంతే. జోసెఫ్ కిందికి దిగి తాళం అందులో పెట్టాడు.

"మళ్ళీ బొంబాయి నుంచి రావాలంటే ఎన్నాళ్ళో ఏమో," అని గొణిగాడు.

"అక్కర్లేదండి." జోగయ్య పనిముట్ల పెట్టెలోంచి ఇంకో కొత్త కేబుల్ తీశాడు. "అమ్మగారు ముందే రెండు తెప్పించమన్నారు. మొదటిది సారు కోసమట, రెండోది కారు కోసమట."