తిరగేసిన చేప

"తిప్పకు! తిప్పకమ్మా!"

చేపల హోటల్లో పక్క బల్ల దగ్గరి ముసలాయన గభాల్న లేచి వచ్చేలోపే పదేళ్ళ పిల్ల వీ, పైభాగం తినేసిన చేపను పళ్ళెంలో బోర్లా తిప్పేసింది. ఆయన ఆ పిల్ల చేతిలోని తినే పుల్లల్ని లాగేసుకున్నాడు. పిల్ల బెదిరిపోయి ఏడుపందుకుంది.

"సముద్రం ఒడ్డున కూర్చుని చేపను తిరగేస్తారా? పడవ తిరగబడదూ? ఇంట్లో పెద్దాళ్ళెవరూ చెప్పలేదా?"

ఇంట్లో పెద్దది ఎదురుగానే ఉంది. వీ నానమ్మ లువా. ఒకప్పుడు జాలరి పెళ్ళామే. ఆ పట్టింపు ఆమెకు తెలియక కాదు.

నలభై ఏళ్ళ కిందట, ఇదే తీరంలో, ఇదే తిథినాడు ఆమె భర్త లోక్ ఎక్కిన పడవ తుఫానులో మునిగింది. ఆ ఉదయం ఇద్దరూ పోట్లాడుకున్నారు. "మళ్ళీ నీ మొహం చూపించకు" అంది. అతను చూపించలేదు. నెల తిరక్కుండానే ఆమె చంటిబిడ్డతో, సముద్రానికి దూరంగా దలాత్ కొండలెక్కేసింది. అప్పట్నుంచీ ఒకటే బాధ. నా మీద కోపంతోనే పోయాడా? చివరి ఘడియలో ఆయన్ను చూసినవాళ్ళు ఒక్కరైనా లేరా?

అందుకే కొడుకు ఖియెమ్ కారు తీశాడు. నాలుగు రోజులుగా తీరం వెంబడే ప్రయాణం. పిల్లకి రాళ్ళ గుట్టలూ దీపస్తంభాలూ, ముసలామెకి మ్యూజియంలు. ఐదు చూశారు. ఎక్కడా ఆ పడవ ఊసే లేదు. ఇవాళ చూసేదే ఆఖరిది, పదకొండింటికల్లా మూసేస్తారు. అసలే ఆమె మనసు మనసులో లేదు.

"మా పడవ ఎప్పుడో తిరగబడిందయ్యా! ఇంకేం తిరగబడుతుంది? పసిదాన్ని ఏడిపించడానికి నువ్వెవడివి?"

ముసలాయన మొహం పాలిపోయింది.

"ఏ పడవమ్మా?"

"నీకెందుకు?"

"ఇవాళ్టి తిథికేనా? చెప్పు తల్లీ, ఏ పడవ?"

అలా అడుగుతూనే ఖియెమ్ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"వీడెవడ్రా, జలగలా పట్టుకున్నాడు! పదరా, టైమవుతోంది."

ఆయన కాలీడ్చుకుంటూ వెనకే వచ్చి కారు అద్దం మీద దబదబా కొట్టాడు.

"ఒక్క నిమిషం అద్దం దించమ్మా!"

"అత్తయ్యా, పాపం ఏదో చెప్పాలనుకుంటున్నాడు" అంది కోడలు చామ్.

"దించావంటే ఊరుకోను. నువ్వు పోనివ్వరా!"

కారు దూసుకుపోయింది.

మ్యూజియమంటే రెండు గదులంతే. రెండో గది గోడ మీద ఆ పడవ ఫోటో ఉంది. కింద పోయినవాళ్ళ పేర్లు ఎనిమిది. నాలుగోది లోక్‌ది. లువా ఆ పేరును తడిమి, అక్కడే కూలబడింది.

"ఒక్కళ్ళూ మిగల్లేదా బాబూ?"

కిటికీలు మూస్తున్న కాపలాదారు ఆగాడు.

"ఒకాయన మిగిలాడు పెద్దమ్మా. ఏటా ఈ తద్దినం నాడు ఎక్కణ్ణుంచో వచ్చి వీళ్ళందరికీ అగరొత్తులు వెలిగిస్తాడు. పొద్దున్నే వచ్చి వెళ్ళాడు. ఒంట్లో ఓపిక లేదు, ఇదే ఆఖరిసారి అన్నాడు."

"ఏ ఊరు?"

"చెప్పడు. రోడ్డు మలుపులో చేపల హోటలుందే, బస్సొచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు."

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. ఖియెమ్ అప్పటికే కారు వైపు పరిగెత్తాడు. దారి పొడుగునా లువా ఒకటే మాట. "తొందరగా నాన్నా, తొందరగా!"

హోటలావిడ బల్లలు తుడుస్తోంది. ముసలాయన కుర్చీ ఖాళీ.

"అయ్యో, ఇప్పుడే ఎక్కేశాడే! నేను వంటింట్లో ఉన్నా. ఉత్తరం వైపు బస్సో, దక్షిణం వైపు బస్సో కూడా చూళ్ళేదు."

"ఏమన్నా చెప్పాడా తల్లీ?" లువా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడ్చాడమ్మా. లోక్ ప్రాణం పోయేముందు పెళ్ళానికి మాత్రమే చెప్పమన్న మాట ఒకటుందట, నలభై ఏళ్ళుగా ఆమె కోసమే వస్తున్నాడట, ఇవాళ కొడుకు పోలిక చూసి ఆమేనని గుర్తుపట్టినా, ఆమె వినలేదట."