వానరోజు పచ్చ వెలుగు

"ఇంకా వెలుగుతోందా?" ఉప్పల్ చౌరస్తా నీళ్ళలో సగం తడిసి వచ్చిన హరిచందన, గొడుగు కూడా మూయకుండా అడిగింది.

"వెలుగుతున్నది బిడ్డా. నువ్వు జర తల తుడుచుకో," అన్నాడు ల్యాబ్ అటెండర్ బాలరాజు.

నాచారంలోని ఆ చిన్న పరిశోధనశాలలో రెండేళ్ళుగా హరిచందనకు ఒకటే పని. పెరొవ్‌స్కైట్ అనే స్ఫటికాలను గాజుపలక మీద పల్చగా పూసి, కరెంటిచ్చి వెలిగించడం. వెలుగు బ్రహ్మాండంగా వస్తుంది. అంత స్వచ్ఛమైన పచ్చ ఏ టీవీ తెర మీదా కనిపించదు. కానీ గాలిలో తేమ తగిలిందా, అలిగిన కొత్తల్లుడే. కాసేపటికే ముఖం మాడ్చుకుని ఆరిపోతుంది. ఈసారి ఆమె స్ఫటికాల చుట్టూ తేమ చొరబడని సన్నటి పూత వేసింది. నిన్న సాయంత్రం వెలిగించి, దేవుడి మీద భారం వేసి నాగోల్‌లోని ఇంటికి వెళ్ళింది.

ఇవాళ తెరలు తయారుచేసే కంపెనీ నుంచి గిరిప్రసాద్ వచ్చాడు. సాయంత్రం దాకా మామూలు గాలిలో వెలిగితే ఆమె పని ముందుకు సాగుతుంది. లేకపోతే ఈ నెలాఖరుతో ప్రాజెక్టు మూతపడుతుంది.

గిరిప్రసాద్ ఊరికే నమ్మే రకం కాదు. దీపం ఉంచిన పెట్టె అద్దంలోంచి పచ్చటి వెలుగును చూసి, "సాయంత్రం వరకు దీన్నెవరూ తెరవకూడదు," అంటూ మూతకు తానే టేపు అంటించాడు. పెట్టెకున్న చిల్లుల్లోంచి వానగాలి మాత్రం దర్జాగా లోపలికి పోతూనే ఉంది.

"ఇంత తేమలో నిలుస్తుందంటారా?" అని గిరిప్రసాద్, ల్యాబ్ డైరెక్టర్ అరుణకుమారిని అడిగాడు.

"చూద్దామండీ," అందామె. ఆవిడ మాటలెప్పుడూ పొదుపే.

మధ్యాహ్నం హరిచందనకు అన్నం సహించలేదు. పెట్టె ముందే కూర్చుంది. బాలరాజు అటువైపు చూడకుండా, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు. పాపం, తనకంటే ఎక్కువ కంగారు పడుతున్నాడనుకుంది.

సాయంత్రం గిరిప్రసాద్ మొదటిసారి నవ్వాడు. "వెలుగు కొంచెం మందగించింది, అంతే. ముందుకెళ్దాం మేడమ్," అని చెప్పి కారెక్కాడు.

హరిచందనకు నేల మీద కాలు నిలవలేదు. తన దీపాన్ని దగ్గరగా చూసుకోవాలని టేపు మీద చెయ్యి వేసింది. బాలరాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు బిడ్డా. లోపల వెలిగేది నీది కాదు."

"ఏంటి బాబాయ్?"

"పొద్దుగాల నేనే జేసిన. నీది వెలుగుతనే ఉండె గని, ఈ వాన సూసి భయమైంది. నీ గాజు కింద బజార్ల దొరికే పచ్చ ఎల్ఈడీ పెట్టి, దానికి కరెంటిచ్చిన. మొన్న ఆరిపోయినప్పుడు గంత ఏడిస్తివి. మల్ల గట్ల సూడలేక..."

 హరిచందనకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ పెద్దాయనను తిట్టడానికి మనసు రాలేదు. ప్రేమతోనే చేశాడు. అదే ఇంకా బాధగా ఉంది. ఒకరి కళ్ళు కప్పి గెలిచిన పనిని రేపటి నుంచి ఏ మొహంతో చేస్తుంది?

నేరుగా అరుణకుమారి గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, గిరిప్రసాద్ గారికి ఫోన్ చేయండి. ఆయన చూసింది బజారు ఎల్ఈడీని. ప్రాజెక్టు పోతే పోనివ్వండి. బాలరాజు బాబాయిని మాత్రం ఏమీ అనకండి. నా కోసం భయపడి పెట్టాడు."

అరుణకుమారి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "బాలరాజా? నేను నువ్వే పెట్టావనుకున్నాను. వచ్చి చెప్తావేమోనని ఇందాకటి నుంచీ చూస్తున్నాను."

"మీకు ముందే తెలుసా?"

"పొద్దున కంప్యూటర్లో ఆ వెలుగు రంగు గ్రాఫు చూడగానే తెలిసింది. నీ పచ్చ వేరు."

 మేడమ్ కూడా ఇంతేనా అని హరిచందనకు అనిపించింది.

"తెలిసీ ఊరుకున్నారా మేడమ్?"

అరుణకుమారి సొరుగులోంచి ఒక చిన్న ఎల్ఈడీని తీసి బల్ల మీద పెట్టింది.

"గిరిప్రసాద్ గారు రాకముందే దీన్ని పీకేసి, నీ గాజుపలకకే మళ్ళీ వైర్లు కలిపాను."