పెదాల సాక్ష్యం

వెంటిలేటర్ గీపెట్టింది. తెర మీద ఊపిరి అంకె చూస్తుండగానే ఎగబాకింది. మంచం మీది మనిషి ఛాతీ కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది.

“జరగండి ఇన్‌స్పెక్టర్‌గారూ! ప్రశ్నలు తర్వాత!”

నర్సు పరుగున వచ్చి, అతని గొంతులోని గొట్టంలోకి సన్నటి పైపు దించి కఫం లాగింది. పెద్దగా ఏమీ రాలేదు. ఊపిరి కుదుటపడటానికి మాత్రం చాలాసేపు పట్టింది.

“నేనేం చేశానమ్మా?” ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “మేడమీంచి తోసిందెవరని అడిగాను. తన లారీ డ్రైవరేనంటున్నాడని వాళ్లమ్మ చెప్పింది. అంతలో మీ మిషన్ కేకలేసింది.”

“ఆ పాపిష్టివాడి పేరు వింటేనే నా బిడ్డకి ఊపిరాడటం లేదు,” అంది తల్లి, కొడుకు నుదురు నిమురుతూ.

పడ్డప్పుడు అతని ముఖం పచ్చడైంది. ముక్కు, నోటి దారులు వాచి మూసుకుపోతే డాక్టర్ గొంతు కింద కన్నం పెట్టి గొట్టం దించాడు. ఊపిరి అక్కణ్ణించే లోపలికి, అక్కణ్ణించే బయటికి. స్వరపేటిక దాకా గాలి ఎక్కదు కాబట్టి పెదాలు కదులుతాయి, మాట పుట్టదు. చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. మెడకు పట్టా, కళ్ల మీద దూది. అతని మాట తెలిసేది తల్లి ఒక్కదానికే. ఆమె బతుకంతా మరమగ్గాల మిల్లులో గడిచింది. ఆ మోతలో పక్కమనిషి అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్లు కబుర్లూ తగవులూ పెళ్లిసంబంధాలూ అన్నీ పెదాలు చూసే నడిపేవారు.

“అమ్మా, కాసిని పాలైనా తాగు. నువ్వూ పడిపోతే ఎలా?” చిన్నకొడుకు ఫ్లాస్కు మూత తిప్పాడు. అన్న లారీలూ ఆసుపత్రి తిరుగుళ్లూ ఇప్పుడు అతని నెత్తినే పడ్డాయి.

“ఉన్నదే ఇద్దరమ్మా,” తల్లి నర్సు వైపు తిరిగింది. “ఏ ఒక్కడు దూరమైనా నేను బతకను.”

నర్సు కళ్లు చెమర్చాయి. బయటికి రాగానే గుమ్మం దగ్గర డ్రైవర్ పెళ్లాం ఎదురైంది.

“అక్కా, పనిలోంచి తీసేశారని మా ఆయన తిట్టుకున్న మాట నిజమే. కానీ తోసే గుండె ఎక్కడిది? బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కుతాడు!”

“కన్నతల్లి చెబుతోంది. నీ మొగుడి మీద ఆవిడకేం పగ?” విసురుగా అనేసి నర్సు ముందుకు నడిచింది.

మర్నాటికి వాపు తగ్గింది. మిషన్ తీసేసినా సొంతంగానే పీల్చుకుంటున్నాడు. డాక్టర్ అరచేతిలో చిన్న ప్లాస్టిక్ మూత పట్టుకుని వచ్చాడు.

“ఇది గాలిని లోపలికి రానిస్తుంది, తిరిగి పోనివ్వదు. ఇక ఊపిరి పైకెక్కి గొంతు తీగల్ని కదిలించాల్సిందే. మాట వస్తుంది.”

తల్లి మంచానికి అడ్డంగా నిలబడింది. “ఊపిరాడకపోతే? రెండ్రోజులాగండయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను! వాడేమంటున్నాడో నేను చెబుతూనే ఉన్నాగా!”

“ఆగడానికి లేదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఇవాళ డ్రైవర్ని కోర్టులో నిలబెట్టాలి. మీవాడు సొంత నోటితో ఒక్క మాటంటే చాలు, వాడిక జన్మలో బయటికి రాడు.”

“భయపడకండి పెద్దమ్మా, నేను పక్కనే ఉంటా.” నర్సు ఆమెను మెల్లగా జరిపి, గాలి పైకెక్కకుండా గొట్టం చుట్టూ ఉబ్బించిన బుడగలోంచి గాలి తీసి, మూత బిగించింది.

అతను ఉక్కిరిబిక్కిరయ్యాడు. దగ్గాడు. ఛాతీలో గరగరమంది. తల్లి గోళ్లు నర్సు మణికట్టులో దిగబడ్డాయి. తర్వాత, ఇన్నాళ్లకు మొదటిసారి, అతని నోటి నుంచి ఒక మూలుగు వినబడింది.

“వచ్చింది!” నర్సు నవ్వింది. “నిదానంగా పీల్చండి. వదులుతూ మాట్లాడండి.”

ఇన్‌స్పెక్టర్ వంగాడు. “చెప్పండి, తోసింది డ్రైవరేనా?”

అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“తమ్ముడేనని అమ్మకి రోజూ చెప్తూనే ఉన్నాగా!”