ఉప్పలమ్మ మెచ్చిన స్టీరియో

మగ్గం విప్పి ఆటోకెక్కించిన రోజు ఉప్పలమ్మ ఏడవలేదు. ఖాళీ అయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది. మోకాళ్లు అరిగాయి, ఇక నేయడం కుదరదు. కానీ నలభై ఏళ్ల అలవాటు.

“అప్పటిసంది బువ్వ సక్కగ తింటలేదు బిడ్డా. ఇల్లు సచ్చినట్టున్నదని ఆమె బాధ. మా అసోంటోళ్లకు అందేటట్టు ఒక బాక్సుల సెట్టు కట్టియ్యి,” అన్నాడు ఆమె భర్త లక్ష్మీనర్సయ్య, ప్రమోద్‌తో.

మోత్కూరులో ప్రమోద్‌ది రిపేరు దుకాణం. పాత కారు స్పీకర్లు, విరిగిన టీవీ స్టాండు చెక్క, ఎవరో వదిలేసిన ఆంప్లిఫైయరు కలిపి చవకలో స్టీరియో కట్టడంలో అతనికి పేరుంది. నాలుగు రోజుల్లో కట్టి, పల్లెకు కబురు పంపాడు.

ఉప్పలమ్మ చెప్పులు దుకాణం బయటే విడిచి వచ్చింది. పాటంటే ఎంత భక్తో అనుకున్నాడు ప్రమోద్. గాయని గొంతు తేటగా పలికింది. ఉప్పలమ్మ స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించి, తల అడ్డంగా ఊపింది.

వారం తిప్పలుపడి గొంతును ఇంకా తేట చేశాడు. తల మళ్లీ అడ్డంగానే ఊగింది.

“ఐటీఐల గూడ నన్ను గిన్నిసార్లు ఫెయిల్ చెయ్యలే పెద్దమ్మా,” అన్నాడు ప్రమోద్. ఆమె చూపు డబ్బా మీదే ఉంది. లక్ష్మీనర్సయ్యే నవ్వి, ఇంకొక్కసారి చూడమన్నాడు.

మూడోసారి పంతం కొద్దీ పెద్ద స్పీకర్లు బిగించి డప్పుల పాట పెట్టాడు. ఆమె మొహం విప్పారింది. వంగి, డబ్బాల కింది రబ్బరు ముక్కలు లాగి పారేసింది. అవి లేకపోతే నేలంతా అదురుతుందని ప్రమోద్ మొత్తుకున్నా లెక్కచేయలేదు.

సెట్టు బిగించడానికి ఇంటికి వెళ్లినప్పుడూ అదే వరస. చెవుల ఎత్తున గోడకు మేకు కొట్టబోతే చెయ్యి పట్టి ఆపి, ఇంకా పూడ్చని మగ్గం గుంట చూపించింది. రెండు డబ్బాలూ గుంటలోకి దిగాయి. ఆమె గుంట అంచున కూర్చుని డబ్బాల మీద పాదాలు పెట్టింది. డప్పు మోగింది. నేత చెక్కలు తొక్కినట్టు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆడాయి.

కాసేపటికి లేచి ముగ్గురికీ అన్నం వడ్డించింది. తను కూడా కడుపునిండా తిన్నది. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

తన పనితనం గెలిచిందని ప్రమోద్‌కు సంబరమైంది. పెద్దమ్మకు ఏ పాటలు ఇష్టమో చెబితే పెన్‌డ్రైవ్ నింపి తెస్తానన్నాడు.

“డప్పు గట్టిగుంటే సాలు, ఏదన్న తే,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “పుట్టుచెవుడు బిడ్డా, ఇప్పటిదాక ఒక్క పాట ఇనలే.”